లెక్కల మేడం వీపు

నేను కుంచె తడిపేలోపే ఆ పెద్దావిడ లేచి, తను కూర్చున్న కుర్చీని గోడవైపు తిప్పేశారు.

"ఇప్పుడు వెయ్యి నాయనా," అన్నారు, అటు తిరిగి కూర్చుని.

మనుషుల బొమ్మలు వెయ్యడం నా వృత్తి. ఈ విశ్వవిద్యాలయంలో చదువుకుని పేరు తెచ్చుకున్నవాళ్ళూ, ఇక్కడ చదువు చెప్పి పేరు తెచ్చుకున్నవాళ్ళూ చివరికి పెద్ద హాలు గోడకెక్కుతారు. వాళ్ళందరినీ ఎక్కించింది నేనే.

అందరిదీ ఒకటే వరస. మెడ బిగించి, చెయ్యి పుస్తకం మీద పెట్టి, కొత్త చెప్పు కరుస్తున్నా పైకి చెప్పుకోలేని ముఖాలతో ఉంటారు.

జడ్జిగారు పొట్ట తగ్గించమన్నారు. నక్షత్రాల మీద పరిశోధన చేసి లోకమంతా పేరు మోగించిన సైంటిస్టుగారు జుట్టు పెంచమన్నారు. తగ్గించాను, పెంచాను. నా సొమ్మేం పోయింది?

వీపు వెయ్యమన్నవాళ్ళు మాత్రం ఇంతవరకూ తగల్లేదు.

"మేడం, గోడ మీద ముఖం ఉండాలి కదండీ," అని నసిగాను.

ఆవిడ లెక్కల మేడం. పదవీ విరమణ చేసి చాలా కాలమైంది. అప్పట్లో మొదటి ఏడాది లెక్కలు అందరికీ తప్పనిసరి. బోర్డువైపు తిరిగి చాక్‌పీసు అందుకున్నారంటే గంట కొట్టేదాకా ఇటు తిరిగేవారు కాదట. తిరిగితే ఆలోచన తెగిపోతుందట.

"నా ముఖం ఎవడు చూశాడు నాయనా? పిల్లలకి తెలిసిందల్లా నా వీపే," అన్నారు.

మళ్ళీ గోడతోనే చెబుతున్నట్టుగా అన్నారు.

"ఆ హాల్లో ఉండాలని నాకు మహా ఆశ. ఈ వయసులో దాచుకోవడం దేనికి? కానీ వాళ్ళకి ముక్కూ మొహం తెలియని ముసల్దాన్నెవర్నో తగిలిస్తే, అది నేనెట్లా అవుతాను?"

ఆ మాటకి నేను పడిపోయాను.

వేశాను. జారిపోతున్న జుట్టుముడి. కుడి భుజం మీద సుద్దపొడి. వీపు వెనక్కి పెట్టుకున్న ఎడమ చెయ్యి, అందులో డస్టరు. ఎదురుగా బోర్డు, దాని నిండా ఆవిడ దగ్గరుండి రాయించిన లెక్క. అందులో ఒక్క ముక్క నాకు అర్థమైతే ఒట్టు.

రిజిస్ట్రారుగారు బొమ్మ చూసి తల పట్టుకున్నారు. ఆయన ఈమధ్యే వేరే చోటి నుంచి వచ్చారు, ఆవిడ పాఠం విన్నవారు కాదు. ఇది గొప్పవాళ్ళ గోడా, అల్లరి చేసినవాళ్ళని నిలబెట్టే గోడా అని నన్ను చెడామడా దులిపేశారు. ముఖం వేసి తెమ్మన్నారు.

వీపైతే సరే, లేకపోతే నా ఊసే ఎత్తొద్దని మేడం కబురు పెట్టారు. ఇద్దరి మధ్యా నేను నలిగిపోయాను.

నిజం చెప్పొద్దూ, నాకూ పంతం వచ్చింది. ఇన్నేళ్ళుగా వేసినవాటిల్లో ప్రాణమున్న బొమ్మ అదొక్కటే. అది మూలపడితే ఇక కుంచె ముట్టుకోబుద్ధి కాదనిపించింది.

ఆవిడ పాత విద్యార్థుల్ని పిలిచి చూపిద్దాం, వాళ్ళు ఊ అంటే గోడకి, ఊహూ అంటే గోదాముకి అని చివరికి రిజిస్ట్రారుగారే తేల్చారు.

ముగ్గురొచ్చారు. ముగ్గురూ గోడ మీద ఉన్నవాళ్ళే. జడ్జిగారు, సైంటిస్టుగారు, పెద్ద పెద్ద వంతెనలు కట్టించిన ఇంజినీరమ్మ.

పాత తరగతి గదిలో ముందు బెంచీల మీద కూర్చుని, టీ తాగుతూ, మోకాళ్ళ నొప్పుల గురించీ మనవల గురించీ ఒకటే గోల. మేడం చప్పుడు చెయ్యకుండా వచ్చి ఆఖరి బెంచీలో కూర్చున్నది వాళ్ళు చూడలేదు. నేను చూశాను. కానివ్వమన్నట్టు ఆవిడ తలూపారు.

బొమ్మ మీది గుడ్డ లాగేశాను.

గోల ఆగిపోయింది.

జడ్జిగారు కాలు మీద కాలు తీసేసి నిటారుగా కూర్చున్నారు. ఇంజినీరమ్మ టీ కప్పు బెంచీ కిందికి దాచేసింది.

రిజిస్ట్రారుగారు గొంతు సవరించుకుని, ముఖం లేదు కదా, తమరేమంటారని అడిగారు. ఇంజినీరమ్మ ఆయన వంక కోపంగా చూసి, పెదాల మీద వేలు పెట్టుకుంది.

సైంటిస్టుగారు మెల్లగా చెయ్యెత్తారు. బొమ్మకే.

"మేడం, ఆ నాలుగో వరస ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదండీ. అప్పుడూ కాలేదు. అడగాలంటే సిగ్గేసింది."

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"అప్పుడే అడగొచ్చుగా, వెర్రినాయనా!"

ముగ్గురూ ఒక్కసారిగా ఆఖరి బెంచీవైపు తిరిగారు. మాట్లాడిన ముఖాన్ని పోల్చుకోలేక తెల్లమొహాలు వేశారు.

ఆవిడ నవ్వుకుంటూ బెంచీల మధ్యగా నడిచి, వాళ్ళని దాటుకుని, గదిలోని అసలు బోర్డు దగ్గరికి వెళ్ళారు. చాక్‌పీసు అందుకుని అటు తిరిగారు.

అప్పుడు లేచి నిలబడ్డారు ముగ్గురూ.

కూర్చోమన్నారు ఆవిడ. రాయడం మొదలుపెట్టారు. సైంటిస్టుగారు జేబులో పెన్ను కోసం తడుముకున్నారు.

నేనూ రిజిస్ట్రారుగారూ పిల్లుల్లా నడుచుకుంటూ వెళ్ళి ఆఖరి బెంచీలో కూర్చున్నాం. కాసేపటికి ఆయన నా చెవి దగ్గరికి వంగి, మేకు ఎక్కడ కొట్టిద్దామని గుసగుసగా అడిగారు.

"వెనక ఎవరది?" అన్నారు మేడం, ఇటు తిరక్కుండానే.

మేమిద్దరం మళ్ళీ కిక్కురుమనలేదు.