తాత ఊదిన పిల్లనగ్రోవి

"ఏం పెద్దాయనా, తోటలో వెదురు నరికావా?"

గేటు దగ్గర కాపలావాడు శాలువా అంచు పట్టుకుని ఆపేశాడు. శాలువా కింద నుంచి బెత్తెడు వెదురు బయటికి తొంగిచూస్తోంది. మొక్కలు, కొమ్మలు తెంపుకుపోయే సందర్శకులు ఎక్కువని అక్కడ అందరినీ తనిఖీ చేసే పంపుతారు.

పెద్దాయన శాలువాను దగ్గరికి లాక్కున్నాడు. ఆ వెదురు తోటలోది కాదు. తోట ఆవరణలోనే ఉన్న ఆదివాసీ మ్యూజియంలో, చుట్టూ తాడు కట్టిన బల్ల మీది పిల్లనగ్రోవి. స్వయానా ఆయన తాత చేసి, ఊదింది. 'చేసినవారు: తెలియదు' అని కింద చీటీ పెట్టారు. తిరిగి ఇమ్మని అడిగిన ప్రతిసారీ ఆఫీసువాళ్లు నవ్వి పంపేశారు. అందుకే ఇందాక బడిపిల్లల గుంపు హాల్లోకి తోసుకొచ్చిన సందట్లో దాన్ని లాగేసి, తను చేసిన నకలును దాని చోట పెట్టేశాడు.

"తోట చూసి పోదాం, చాలు అంటే విన్నావా?" పక్కనే ఉన్న భార్య పళ్ల బిగువున గొణిగింది.

కాపలావాడు వెదురును బయటికి లాగాడు. కళ్లు చికిలించాడు. "ఇది లోపలి బల్ల మీదది కదూ! మేడమ్!"

మ్యూజియం అధికారిణి పరుగున వచ్చింది. పిల్లనగ్రోవిని అటూ ఇటూ తిప్పింది. అవే చెక్కడాలు, అవే నల్ల గీతలు.

"పోలీసులకు ఫోన్ చెయ్."

"చేద్దురుగాని," అంది భార్య. "ముందు మీది పోయిందో లేదో చూసుకోండమ్మా. చూడకుండానే దొంగతనం అంటగడతారా?"

కాపలావాడు లోపలికి పరుగెత్తాడు. పెద్దాయన పక్కనున్న పూలకుండీ అంచు గట్టిగా పట్టుకున్నాడు. ఆ నకలుకి పచ్చి వెదురు వాసన ఇంకా పోలేదు. వాడు దాన్ని ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకుంటే కథ కంచికే.

కాపలావాడు రొప్పుతూ వచ్చాడు. "ఉందండీ. ఎక్కడిదక్కడే ఉంది."

అధికారిణి ముఖం వాడిపోయింది. "మరి ఇది?"

"నేను చేసిందేనమ్మా. పిల్లనగ్రోవులు చెయ్యడమే నా పని." జంకు లేకుండా అబద్ధమాడేశాడు పెద్దాయన.

"అబ్బ! అచ్చం మాదాన్ని చూసి చేసినట్టే ఉంది."

"మీదే ఈయనదాన్ని చూసి చేసినట్టుంది," భార్య అంటించింది.

అధికారిణి నవ్వేసి, క్షమించమంటూ పిల్లనగ్రోవిని రెండు చేతులతో అందించింది.

బస్టాప్ బెంచీ మీద కూలబడ్డాక గానీ పెద్దాయనకి ఊపిరి ఆడలేదు. భార్య తప్ప చుట్టూ ఎవరూ లేరు. తాత వేళ్లు ఆనిన చోట తన వేళ్లు ఆనించాడు. కళ్లు మూసుకుని ఊదాడు.

కీచుమంది.

తిప్పి చూశాడు. నాలుగో రంధ్రం ఒక పక్కకి ఒరిగి ఉంది. రెండేళ్ల కిందట మొదటిసారి నకలు చేయబోతే ఉలి జారి, పనికిరాదని తనే ఇంటి మూలకి విసిరేసిన వెదురు ముక్క!

"ఇది నేను పారేసింది కదే! మరి తాతది ఏమైంది?"

భార్య బస్సు వస్తుందేమోనని రోడ్డు వైపు చూస్తూ అంది: "పోయినేడు ఆడవాళ్లందరం కలిసి వచ్చినప్పుడే ఇది ఆ బల్ల మీద పెట్టి, తాతది తెచ్చి మనింటి అటకెక్కించా. నీ నోట్లో నువ్వుగింజ నానదని చెప్పలేదు."