ఇంకో జత బూట్లు

మెట్ల కింద, తలుపు పక్కన ఒక జత బూట్లు కనిపించగానే మహీధర్ ఠక్కున ఆగిపోయాడు.

కెనడాలో, కిచెనర్ అనే ఊళ్లో ఒక పాత చర్చి బేస్‌మెంట్ అది. శనివారం, ఉదయం పదకొండు కావస్తోంది. ఈ ఊళ్లో చర్చి లోపలికి బూట్లు విప్పి వెళ్లేదెవరు? తెల్లవాళ్లు మంచు దులుపుకుని అలాగే నడిచిపోతారు. దేవుడి చోటు కదా అని గుమ్మంలో విప్పి, గోడవారగా జత చేసి పెట్టేది మనవాళ్లే. తనూ అలవాటు కొద్దీ అప్పటికే రెండూ విప్పేశాడు మరి!

అంటే లోపల మనవాళ్లెవరో ఉన్నారు.

నల్ల స్నో బూట్లు. తాముండే బ్రాంప్టన్‌లో సగం మంది కాళ్లకుండేవే. ఆడవో మగవో కూడా పోల్చుకోవడానికి లేదు. కొంపదీసి తెలుగు సంఘం విశ్వేశ్వరరావు గారివా? ఆయన కంట పడితే సాయంత్రానికల్లా ఊరంతా పాకిపోతుంది. ఊరికి తెలిస్తే తెలిసింది, భార్య వాసంతికి మాత్రం తెలియకూడదు.

వాసంతి తండ్రి తాగి తాగి ఇల్లు గుల్ల చేసి పోయిన మనిషి. పెళ్లిచూపుల్లో ఆ పిల్ల అడిగింది ఒకటే ప్రశ్న.

"మీరు తాగుతారా?"

"ఛఛ!" అన్నాడు మహీధర్. అప్పటికది నిజమే.

"ముందే చెబుతున్నా. తాగే మనిషి దగ్గర ఒక్కరోజు కూడా ఉండనండీ."

పదకొండేళ్లయినా ఆ మాట అతని చెవుల్లోంచి పోలేదు. అందుకే నాలుగేళ్లుగా ఈ దొంగబతుకు. కాఫీ మగ్గులో వోడ్కా, నోట్లో లవంగం. ఆవిడ ఏనాడూ అనుమానపడలేదు. పైగా, "దగ్గుకి మంచిదండీ" అంటూ కార్లో లవంగాల డబ్బా తనే పెట్టేది, పిచ్చిది!

పోయిన వారం ఈత క్లాసు నుంచి కూతురు రిషితను తీసుకొస్తూ కారు ఫుట్‌పాత్ ఎక్కించాడు. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. వెనక సీట్లోంచి పిల్ల, "డాడీ, ఆర్ యూ స్లీపీ?" అంది. మహీధర్‌కి ఏడుపు ఆగలేదు. మర్నాడు డైనింగ్ టేబుల్ మీద, కూరగాయల కొట్టు ఫ్లయర్ల మధ్య, తాగుడు మానాలనుకునేవాళ్ల కోసం పెట్టే ఈ మీటింగ్ కాగితం కనిపించింది. ఎవరు పడేసి పోయారో గానీ వాళ్లకి పుణ్యముంటుంది అనుకున్నాడు.

కిచెనర్ గంట దూరం. తెలిసిన మొహం ఉండదు. వాసంతి ప్రతి శనివారం పొద్దున్నే ఊళ్ల మధ్య తిరిగే గో బస్సెక్కి, స్కార్‌బరోలో స్నేహితురాలు ఝాన్సీలక్ష్మి ఇంటికి పారాయణానికి వెళుతుంది. ఆవిడ తూర్పుకి, తను పడమటికి. రిషితను పక్కింటివాళ్ల దగ్గర వదిలొచ్చాడు. ఇంక భయమేముంది?

తీరా వస్తే ఈ బూట్లు!

తన బూట్లు చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగాడు. రెండు మెట్లు ఎక్కాడు. నిన్నటి నుంచి చుక్క ముట్టలేదు, రెయిలింగ్ పట్టుకుని ఆగాడు. 'ఆర్ యూ స్లీపీ?' అన్న గొంతు గుర్తొచ్చింది. మళ్లీ దిగాడు. బూట్లని కోట్లు తగిలించే స్టాండు వెనక్కి, ఎవరికీ కనబడకుండా తోసేశాడు.

కాఫీ పోస్తున్న ముసలావిడ పలకరింపుగా నవ్వింది. ఎడమ గది తాగేవాళ్లకి, కుడి గది వాళ్ల ఇంట్లోవాళ్లకి అని చూపించి, "మీ కోసమా, ఇంట్లోవాళ్ల కోసమా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"నా కోసమే."

ఆ ముక్క అనేసి ఎడమ గదివైపు నడిచాడు.

ఎడమ గదిలో పన్నెండు మంది. మనవాళ్లు ఒక్కరూ లేరు. హమ్మయ్య! అయితే ఆ బూట్లాయన కుడి గదిలో ఉన్నాడన్నమాట. ఇంట్లో ఎవరు తాగుతున్నారో, పాపం. ఏమైనా ఆ గది వాళ్లు లేచేలోపు ఇక్కణ్ణుంచి ఉడాయించాలి.

తన వంతు వచ్చింది. పేరు చెప్పాడు. తాగుతానని జీవితంలో మొట్టమొదటిసారి పైకి అన్నాడు.

"మా ఆవిడకి తెలియదు. తెలిస్తే వెళ్లిపోతుంది."

పక్కనున్న ట్రక్కు డ్రైవరు భుజం తట్టాడు. ఎవరూ ఛీ అనలేదు. బయట కుడి గది తలుపు ఒకసారి తెరుచుకుని, కాసేపటికి మళ్లీ మూసుకుంది.

గోడ గడియారం పన్నెండు చూపించింది. లేవబోతుంటే అందరూ చేతులు పట్టుకుని ప్రార్థన మొదలెట్టారు. ఇటొక చెయ్యి, అటొక చెయ్యి, ఇంకెక్కడికి పోతాడు! అవతల కుడి గదిలో కుర్చీలు కదులుతున్న చప్పుడు. ప్రార్థన అయ్యీ అవగానే బయటికి పరుగెత్తాడు.

కోట్ల స్టాండు వెనక బూట్లు లేవు.

తలుపు దగ్గరున్నాయి. ఎవరో వాటిని పైకి తీసి, మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పు మరకలు తుడిచి, ఆ నల్ల బూట్ల పక్కనే పొందిగ్గా పెట్టారు. అంటే తనని గుర్తుపట్టారు. అయిపోయింది, కొంప మునిగింది!

కుడి గది తలుపు తెరుచుకుంది.

బయటికొచ్చిన వాసంతి ఆ నల్ల బూట్లలో కాళ్లు దూర్చుకుంటూ, "మూడేళ్ల నుంచి ప్రతి శనివారం చూస్తున్నానండీ, ఇవాళ్టికి వచ్చాయి మీ బూట్లు నా బూట్ల పక్కకి" అంది.