యాభై రెండు పోను

"రెండు కిలోల వంద!"

మోకాళ్ళ మీద కూర్చుని కాటా అంకె చదివిన గిటార్ల మేస్త్రి ఎగిరి గంతేశాడు. కాటా మీద నిలబడ్డ అతని భార్య, మెడలో గిటారుతోనే, రెండు చేతులా నోరు మూసుకుంది.

"నిజంగానా? ఒట్టు?"

"ఒట్టు! యాభై నాలుగు పాయింట్ ఒకటి. నీ యాభై రెండు పోను, రెండు కిలోల వంద!"

పెళ్ళయి రెండు నెలలైంది. ఆమె పన్నెండేళ్ళుగా ఒక బృందంలో గిటారు వాయిస్తోంది. పెళ్ళయిన రెండో వారంలో, రిహార్సల్ మధ్యలో, రెండు పాటలకే గిటారు కింద పెట్టేసింది. భుజం లాగేస్తోందంది. బృందం వాళ్ళు మంచివాళ్ళే. అయినా చెప్పాల్సింది చెప్పారు. వచ్చే నెలాఖరు కచేరీలో గంటసేపు నిలబడలేకపోతే ఇంకొకరిని చూసుకుంటామన్నారు.

ఆ సాయంత్రం ఆమె ఖాళీ గిటారు పెట్టెను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. మేస్త్రి ఆ పెట్టె తీసి పక్కన పెట్టాడు.

"ఊరుకో పిచ్చుకా. నీకోసం ఈకలాంటి గిటారు చేస్తా."

ఎన్నాళ్ళ నుంచో దాచుకున్న చెక్క తీశాడు. మంచి నాదం పలికే చెక్కే, కానీ రాయంత బరువు. కోసి, మెడ బిగించి చూస్తే ఐదు కిలోలు. అక్కడి నుంచి యుద్ధం మొదలైంది. వీపు వైపు నుంచి లోపల గూళ్ళు తొలిచాడు. అంచులు చెక్కాడు. తీగలు బిగించే ఇనుప బిరడాలు తీసేసి చిన్నవి పెట్టాడు. రాలిన పొట్టునూ, తీసేసిన ఇనుమునూ ఒక సంచిలో దాచాడు. ఎప్పుడైనా పగుళ్ళు పూడ్చడానికి పొట్టు పనికొస్తుంది.

షాపులో ఉన్నది మేకులూ జిగురూ తూచే బుల్లి కాటా. అందుకని ప్రతి ఆదివారం ఇంట్లో మనుషుల కాటాయే దిక్కు. "మోసేదాన్ని నేను. నాతోనే తూచాలి," అని ఆమె పట్టు. మొదటి రోజు ఆమెను ఒట్టిగా ఎక్కించి, గోడ మీద పెన్సిల్‌తో 52 అని రాసుకున్నాడు.

"ఆడదాని బరువు గోడకెక్కిస్తావా! సిగ్గులేదూ?"

"కొత్త పెళ్ళికొడుక్కి సిగ్గేంటి?"

ఐదు. నాలుగున్నర. మూడు కిలోల ఎనిమిది వందలు. అంకె దిగినప్పుడల్లా అతను ఈల వేసేవాడు. ఆమె పట్టీ తగిలించుకుని నాలుగు అడుగులు వేసి, అతని మొహం చూడకుండా అనేది: "ఇంకా బరువుగానే ఉంది."

లోపం తన పనిదే అనుకున్నాడు. పట్టీ వెడల్పు చేశాడు. కొక్కెం జరిపాడు. ఒక వారం ఉత్త పాలిష్ మాత్రమే పెట్టినా మూడు వందల గ్రాములు తగ్గింది. చెక్క ఆరుతోందని సంబరపడ్డాడు. రోజూ ఎత్తి దించే చేతులకు తేడా తెలియలేదు. కాటా చెప్తోంది కదా!

ఆమె మాత్రం పాడడం మానేసింది. ప్లేటులో సగం అతనికే తోసేసేది. జారిపోతున్న పెళ్ళి ఉంగరానికి దారం చుట్టుకుంది. కచేరీ బెంగ అనుకుని, అతను ఇంకాస్త తొలిచేవాడు.

ఈ ఆదివారం మాత్రం రెండు కిలోల వంద. శుభవార్త ఫోనులో చెప్పగానే ఆమె తమ్ముడు పరిగెత్తుకొచ్చాడు. బృందంలో డ్రమ్ములు వాయించేది అతనే.

"ఏదీ ఆ ఈక?" అంటూ గిటారు ఎత్తి, మొహం అదోలా పెట్టాడు. "బావా, ఇది ఈకా, ఇనప దూలమా?"

"పోరా, నీకు తిండి చాలట్లేదు."

"నా తిండి సంగతి తర్వాత." ప్రయాణాల్లో సూట్‌కేసు తూచే కొక్కెం కాటా తన సంచిలోంచి తీసి, గిటారు వేలాడదీశాడు. నాలుగు కిలోల ఆరు వందలు.

"మీ కాటా చెడిపోయింది బావా. పారెయ్."

ఆమె నవ్వింది. నవ్వుతూనే గోడకు ఆనుకుంది.

మేస్త్రి నవ్వలేదు. పొట్టు సంచి తెచ్చి అదే కొక్కేనికి తగిలించాడు. నాలుగు వందల గ్రాములు. రెండూ కలిపితే ఐదు కిలోలు. లెక్క ఇంచుమించు సరిపోయింది.

తను నేల మీది కాటా ఎక్కాడు. డెబ్బై. ఎప్పటిలాగే డెబ్బై.

దిగి, భార్య చేతి ఉంగరం వైపు, దానికి మూడు చుట్లు తిరిగిన దారం వైపు చాలాసేపు చూశాడు.

"రేపు షాపు తెరవను," అన్నాడు, గోడ మీది యాభై రెండును బొటనవేలితో చెరిపేస్తూ, "పొద్దున్నే నిన్ను డాక్టరుకి చూపిద్దాం."