గీతలన్నీ ఉన్నాయిగా!

“గీతలన్నీ ఉన్నాయిగా అమ్మా, ఇంకేం కావాలి?” అన్నాడు మెకానిక్, గుమ్మంలోంచే కోడలి చేతిలోని ఫోన్లో సిగ్నల్ వైపు ఓ చూపు విసిరి.

అంతే, అత్తగారికి తిక్క రేగింది. వానలో తడుస్తూ, ఇంట్లో సిగ్నల్ పెంచే బూస్టర్ని అమ్మిన దుకాణానికి పోయి, యజమానితో నోరు నొప్పి పుట్టేలా పోట్లాడి, ఈ మనిషిని వెంటబెట్టుకొచ్చింది ఈ మాట వినడానికా?

“ఆ గీతలు నాలుక గీసుకోవడానిక్కూడా పనికిరావు! పొద్దున్నుంచి వాటిని నమ్ముకునే ఇంట్లో కూర్చున్నాం. అనుమానమొచ్చి ఇందాక వీధి చివరికెళ్ళి నా ఫోన్లోంచి దీనికి చేస్తే ఏం చెప్పిందో తెలుసా? ‘మీరు కాల్ చేస్తున్న వ్యక్తి అందుబాటులో లేరు’ట! మంచం మీద చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని కూర్చున్న మనిషి అందుబాటులో లేకపోవడమేమిటయ్యా?”

“బూస్టర్ కంపెనీకి చెప్పాల్సిందమ్మా.”

“చెప్పా. వీధి చివర్నుంచే చెప్పా. ‘బూస్టర్ పక్కన నిలబడి, ఇంట్లోంచి ఫోన్ చేయండి మేడమ్, అప్పుడు చూస్తాం’ అంది ఆ పిల్ల. ఇంట్లోంచి ఫోన్ కలిసి చస్తే నీకెందుకు చేస్తానే తల్లీ అన్నా. ‘మీ సహనానికి ధన్యవాదాలు’ అని పెట్టేసింది. నాకు సహనమట! ఈ మాట మా ఆయన వినుంటే పడీ పడీ నవ్వేవాడు.”

కోడలికి మాత్రం నవ్వు రాలేదు. ఊళ్ళో పిల్లల ఆసుపత్రిలో ఉన్నది ఒకే ఒక్క నర్సు ఉద్యోగం. అది వచ్చినావిడ చేరనని చెప్పేసింది. ఆ తర్వాత పేరు కోడలిదే. ఇవాళ ఫోన్ చేస్తామన్నారు, ఎత్తకపోతే రేపటిదాకా ఆగేది లేదు, ఆ కిందున్న పేరుకి చేసేస్తామని కూడా అన్నారు. మొగుడి ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇల్లంతా ఆ ఫోన్ మీదే ఆశ పెట్టుకుని ఉంది.

“అన్నయ్యా, ఓ ఉద్యోగం గురించి ఫోన్ రావాలి,” అంది కోడలు బతిమాలుతున్నట్టు. “కాస్త తొందరగా చూడండి.”

“ఫోన్ ఇలా తే,” అంది అత్తగారు గొడుగు అందుకుంటూ. “ఇతగాడు బాగుచేసేలోగా వీధి చివర నేను నిలబడతా.”

“మీరు పట్టుకెళ్ళిపోతే నేను దేంతో చూడనమ్మా? నా ఫోన్లోంచి దీనికి చేసి చూడాలి. కాసేపు ఓపిక పట్టండి.”

మళ్ళీ ఓపికే! అత్తగారు పళ్ళు నూరుతూ గొడుగు పక్కన పెట్టింది.

మెకానిక్ వైరు పట్టుకుని గోడ వెంబడి వెళ్ళి, కిటికీ దగ్గర ఆగిపోయాడు. బయట పెట్టాల్సిన యాంటెన్నా కిటికీ ఊచకి కట్టి ఉంది. దాని కిందే, గోడకి ఇవతల బూస్టర్ డబ్బా ఉంది.

“ఈ రెండూ ఇంత దగ్గరగా ఉండకూడదమ్మా,” అన్నాడు మెల్లగా. “ఒకదాని మీద ఒకటి అరుచుకుంటాయి. గీతలు కనిపిస్తాయి గానీ ఫోన్ కలవదు.”

“ఈ కొంపలో అరిచేది నేనొక్కదాన్నే అనుకున్నా! ఏ మహానుభావుడు కట్టాడు దాన్ని ఇక్కడ?”

మెకానిక్ నీళ్ళు నమిలాడు. “నేనేనమ్మా. ఆ రోజు నిచ్చెన తేలేదు. ఇక్కడైనా సరిపోతుందిలే అని...”

“సరిపోతుందిలే అనా? నీ బద్ధకానికి నా కోడలి నోటి దగ్గర కూడు పోతే ఎవడిస్తాడయ్యా? నువ్విస్తావా, నీ యజమాని ఇస్తాడా, ఆ ధన్యవాదాల పిల్ల ఇస్తుందా?”

మెకానిక్ పక్కింటివాళ్ళ నిచ్చెన అడిగి తెచ్చుకుని, ఆ జోరువానలోనే డాబా ఎక్కాడు. యాంటెన్నాని నీళ్ళ ట్యాంకు పైపుకి బిగించి కట్టాడు. కింద నుంచి గొడుగు కింద అత్తగారు అరుస్తూనే ఉంది, కాకపోతే చివర్లో ఆ అరుపు, “జారుతుంది, చూసుకుని దిగు!” అన్న అరుపుగా మారింది.

ముద్దగా తడిసి లోపలికొచ్చిన మెకానిక్, తన ఫోన్ తీసి నంబరు నొక్కాడు. కోడలి ఫోన్ మోగింది! కోడలు గబుక్కున ఎత్తి, చెవికి ఆనించుకుని, ఎదురుగా ఉన్న మనిషికే, “హలో, హలో, వినిపిస్తోందన్నయ్యా!” అంది. ఆ గొంతులో ఏడుపూ నవ్వూ కలగలిసిపోయాయి.

“తల తుడుచుకో నాయనా,” అని అత్తగారు తువ్వాలు అందించింది. “నోటికొచ్చినట్టు తిట్టానని ఏమీ అనుకోకు. మా అవసరం అలాంటిది.”

“తప్పు నాదే కదమ్మా. ఇక చూసుకోండి, ఎవరు చేసినా ఇట్టే కలుస్తుంది.”

ఆ మాట అంటుండగానే అతని ఫోన్ మోగింది. మెకానిక్ మొహం వెలిగిపోయింది.

“చూశారా, బయటి ఫోన్లు కూడా వచ్చేస్తున్నాయి! మా ఆవిడే. ఉండండి, స్పీకర్లో పెడతా. ఎంత స్పష్టంగా ఉంటుందో మీరే వినండి.”

అతనన్నట్టే ఒక్క అక్షరం పొల్లుపోకుండా వినిపించింది.

“ఏమండీ, పిల్లల ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం నాకే ఇచ్చారండీ! నాకంటే ముందున్న ఆవిడకి పొద్దున్నుంచి చేస్తూనే ఉన్నారట, ఫోన్ కలవనే లేదట!”