మాస్టారి చెయ్యి

"మాస్టారూ, మీకు ఇదే," అని చివరి బెంచీ చూపించి పక్కనే కూర్చున్నాను. నన్ను ఐదేళ్లు అక్కడే కూర్చోబెట్టిన మనిషి మరి.

చదువులో వెనకబడ్డ పిల్లల్ని వేరే గదిలో పెట్టాలా అని బడిలో మీటింగు. ఆ జాబితాలో నా మనవరాలుంది. గది పెట్టాల్సిందే అని చెప్పడానికి మాస్టారు వచ్చారు.

చెయ్యెత్తారు. అరగంటైనా ఎవరూ చూడలేదు.

"ఒరేయ్, చెయ్యి పీకేస్తోంది. ఒక్కరూ ఇటు చూడరేంట్రా?"

"నాకు ఐదేళ్లు పీకిందండి," అన్నాను నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. నన్ను చాలాసేపు చూశారు.

చివరికి టీచరమ్మ చూసింది. "చెప్పండి తాతగారూ, గది పెడదామా?"

"వద్దమ్మా," అన్నారు మెల్లగా.

నా కక్ష ఇంకా తీరలేదు.

"లేచి నిలబడి, గట్టిగా చెప్పండి మాస్టారూ."

లేచి నిలబడి చెప్పారు.