రివర్సు లైట్లు

"ఇక చాలు, ఆపు."

మళ్ళీ అదే గొంతు, మళ్ళీ అదే చోట.

డ్రైవరు బ్రేకు తొక్కి, విసుగ్గా స్టీరింగు మీద ఒక్కటి చరిచాడు.

పికప్ బండికి వెనక లైట్లు పేరుకే ఉన్నాయి. తెల్లవారకముందు ఆ మసక వెలుతురులో, అద్దంలోంచి ఒక తెల్ల చొక్కా తప్ప ఏమీ కనపడదు. ఆ చొక్కా తొడుక్కున్న మనిషేమో కదలడు.

ఆసుపత్రి వంటగది గుమ్మానికీ బండికీ మధ్య ఇంకో బండి పట్టేంత జాగా ఉంది.

"తప్పుకో పెద్దాయనా. గుమ్మం దాకా పోనీ."

"వద్దు బాబూ. అక్కడ నేల మంచిది కాదు."

"నేలకి మంచీ చెడూ ఏంటి? జాతకం చూశావా?"

పెద్దాయన నవ్వలేదు. పక్కకీ జరగలేదు.

చేసేది లేక డ్రైవరు పాల క్రేట్లూ, కూరగాయల బస్తాలూ ఒక్కొక్కటే భుజానికెత్తుకున్నాడు. ఆ గొంతు అప్పుడూ వదల్లేదు.

"గోడవారగా నడువు బాబూ."

డ్రైవరుకు అరికాలి మంట నెత్తికెక్కింది. బస్తా మోసేవాడికి నడక నేర్పేవాడొకడు తక్కువయ్యాడు.

ఈ మోతతోనే రోజూ ఆలస్యం. ఆలస్యమైతే వంటగది నుంచి ఓనరుకు ఫోను. ఆ ఓనరు స్వయానా మేనమామ. ఫోను పెట్టేయగానే ఆయనకు పూనకం వస్తుంది.

"ఆ వాచ్‌మన్ లోపలికి రానివ్వడం లేదు మామయ్యా" అని నిన్న చెప్పి చూశాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటివాడే. పాతవాడూ ఇంతే, నువ్వూ ఇంతే. ఇంకోసారి ఫోనొస్తే తాళాలు అక్కడ పెట్టి పో. మేనల్లుడివని చూడను."

ఇంట్లో భార్యకు నెలలు నిండుతున్నాయి. ఈ తాళాలు పోతే మళ్ళీ ఎవరి గుమ్మం ఎక్కాలో తెలియదు. అదంతా ఈ తెల్ల చొక్కా మూలంగానే అనిపించింది.

చివరి బస్తా దించి వచ్చి, పెద్దాయన ముందు నిలబడ్డాడు.

"రేపట్నుంచి నా బండి వెనక కనపడితే మర్యాదగా ఉండదు. ఇవాళే కొత్త లైట్లు వేయిస్తున్నా. నాకు కళ్ళున్నాయి, వెలుతురుంటే చాలు. నీ అవసరం లేదు."

పెద్దాయనకు కోపం రాలేదు సరికదా, ముఖం విప్పారింది.

"వెనక లైట్లా? నిజంగా వేయిస్తున్నావా?"

"నీకు చెప్పి వేయించాలా?"

"అది కాదు బాబూ. కిందికి వంచి బిగించమను. నేల కనపడాలి."

అంతే. ఒక కాలు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. పానకంలో పుడక తీసి పారేసినట్టు డ్రైవరు ప్రాణం హాయిగా ఉంది.

మధ్యాహ్నం మెకానిక్ బండి కిందికి దూరి, అక్కణ్ణుంచే అడిగాడు.

"లైట్లకి ఇంతకుముందే వైరింగు చేయించారా?"

"లేదే."

"ముందు నుంచి వెనకదాకా వైరు లాగేసి ఉంది. చివర టేపు చుట్టి జాగ్రత్తగా కట్టిపెట్టారు. బంపరు అడుగున రెండు బెజ్జాలు కూడా ఉన్నాయి. లైట్లు తగిలించడమే తరువాయి."

మామయ్యే మొదలుపెట్టి, లైట్ల ధర అడగ్గానే ఆగిపోయి ఉంటాడు. డ్రైవరుకు నవ్వొచ్చింది.

"ఆ బెజ్జాల్లో పెడితే లైట్లు కిందికి చూస్తాయి. పర్లేదా?"

"ఎటు చూస్తే ఏం? రేపు పొద్దున వెలిగితే చాలు."

మర్నాడు వేకువన రివర్సు గేరు వేయగానే ఆవరణంతా పట్టపగలైంది. తెల్ల చొక్కా లేదు. ఈల వేసుకుంటూ డ్రైవరు గుమ్మం దాకా పోనిచ్చాడు.

పోనివ్వబోయాడు. అద్దంలో నేల చూసి బ్రేకు మీద నిలబడ్డాడు.

కిందికి దిగి వెనక్కి వెళ్ళాడు. డ్రైనేజీ గుంట మీద కప్పిన సిమెంటు పలక నడిమికి పగిలి ఉంది. ఒక అంచు కుంగిపోయింది. పగుల్లోంచి తుప్పుపట్టిన ఊచలు, వాటి కింద నల్లటి నీళ్ళు కనపడ్డాయి. పలకకు ఇవతలి అంచున, రోజూ తెల్ల చొక్కా నిలబడే చోటు.

డ్రైవరు గబుక్కున వెనక్కి జరిగాడు.

వెలుతురు చూసి వంటామె బయటికొచ్చింది.

"అక్కా, మీ వాచ్‌మన్ ఏడీ?"

"మాకు వాచ్‌మన్ ఎక్కడున్నాడు తమ్ముడూ?"

"అదే, తెల్ల చొక్కా పెద్దాయన."

"ఆయనా? నీ బండి వచ్చే వేళకి వచ్చి, నువ్వెళ్ళాక వెళ్ళేవాడు. నిన్న సాయంత్రం చెప్పిపోయాడు. లైట్లు వేయిస్తున్నారట, ఇక నాకు బెంగ లేదన్నాడు. కూతురి దగ్గరికని బస్సెక్కాడు. ఏ ఊరో నేనూ అడగలేదు."

"ఇంతకీ ఎవరాయన?"

"పోయినేడు ఒక బండి ఈ పలక మీదికొచ్చి కుంగింది. చక్రం కింద చెక్క దూర్చబోయి డ్రైవరు కాలు నలగ్గొట్టుకున్నాడు. పలక పుచ్చిపోయిందని అతను, చీకట్లో చూసుకోలేదని ఓనరు. చివరికి ఓనరు మాటే చెల్లింది, పని ఊడింది. ఆసుపత్రివాళ్ళు పలక మీద సిమెంటు పూసి బాగైపోయిందన్నారు. అందరం నమ్మాం, మళ్ళీ పగిలినా పట్టించుకోలేదు. అతనొక్కడే నమ్మలేదు. ఆ డ్రైవరే ఈయన."

"ఆ ముక్క నాతో చెప్పొచ్చుగా?"

"పని పోయినవాడు చెబితే కడుపుమంట అనుకుంటావన్నాడు."

డ్రైవరుకు టేపు చుట్టి దాచిన వైరు గుర్తొచ్చింది.

"కుంగింది ఏ బండి అక్కా?"

వంటామె అతని భుజం మీదుగా, నేల మీదికి వంగి వెలుగుతున్న రెండు లైట్ల వైపు చూసింది.

"ఇదే తమ్ముడూ."