కలిపి అల్లినది

నిఘంటువు ఆఫీసులో ఖాళీగా ఉన్నది ఒక్క ఎడిటర్ పోస్టు. పోటీలో మిగిలింది నేనూ, అతనూ. ఇద్దరికీ ఒకటే మాట ఇచ్చారు: 'కాంప్లెక్స్'. అర్థంతోపాటు పుట్టుక కూడా చెప్పాలి.

మా ఆఫీసులో ఒకరు రాసింది ఇంకొకరు దిద్దాలి. నాది అతను దిద్దాడు.

"లాటిన్‌లో కలిపి అల్లినదని అర్థమా? జడలాగా? ఇది నిఘంటువా, బ్యూటీ పార్లరా తల్లీ! కొట్టెయ్, నవ్విపోతారు."

నమ్మి కొట్టేశాను.

మర్నాడు ఇంటర్వ్యూ బోర్డు ముందు అతనే ముందు లేచాడు. "కలిపి అల్లినది సార్. మా ఆవిడ జడ వేసుకుంటుంటే తట్టింది."

బోర్డులో పెద్దాయన మురిసిపోయి నావైపు తిరిగాడు. "అదృష్టవంతురాలివమ్మా, మంచి మొగుడు దొరికాడు."

పెళ్ళికి ముందు నుంచీ మెడ దాటని నా జుట్టు అక్కడ ఒక్కరికీ కనిపించలేదు.